వేసవి సర్దుళ్లు, పాత పత్రికలు, రంగు కాగితాలు: తల్లిదండ్రులకు లేఖ

ప్రియమైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

వార్షిక పరీక్షలు ముగిసి వేసవి సెలవులు రాబోతున్న ఈ రోజుల్లో చాలా ఇళ్లలో అటకలు, బీరువాలు సర్దే పని మొదలవుతుంది. అందులో బయటపడిన కుట్లు-అల్లికల పత్రికలను, సగం వాడిన చార్టులను, రంగు కాగితాలను, మెరుపు పొడి డబ్బాలను ‘బడిలో పిల్లలకు పనికొస్తాయి’ అన్న మంచి మనసుతో మీలో అనేకులు మా చిత్రలేఖన గదికి పంపుతున్నారు. మీ ఆదరణకు కృతజ్ఞతలు. అయితే ఆ గదిలోని అరలు ఇప్పటికే నిండిపోయి, పిల్లలకు కావలసిన కాగితం చేతికి అందాలంటే అక్కరలేని నాలుగు కట్టలను దించవలసి వస్తోంది. అందువల్ల ఏవి పంపాలో, ఏవి పంపవద్దో, అంతకన్నా ముందు ఇంట్లోనే పిల్లలతో కూర్చుని ఏ విధంగా ఏరుకోవచ్చో ఈ లేఖలో వివరిస్తున్నాను.

ముందుగా పత్రికల సంగతి. ఒక సంచికలో మనకు నచ్చిన అల్లిక ఒకటో రెండో పేజీల్లో ఉంటుంది. దానికోసం సంచిక మొత్తాన్నీ ఏళ్ల తరబడి మోస్తాం. వారపత్రికల్లో వచ్చే సీరియళ్లను వారం వారం కత్తిరించి, పూర్తయ్యాక బైండు చేయించుకున్న ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ పద్ధతే ఇక్కడా మేలు. కావలసిన పేజీలను మాత్రం కత్తిరించి, కుట్లు ఒకచోట, కాగితపు బొమ్మలు ఒకచోట, ధనుర్మాసంలో పత్రికలు ప్రచురించే ముగ్గులు ఒకచోట చేర్చి, ఫైలులో పెట్టండి లేదా బైండు చేయించండి. మిగిలినదాన్ని నిశ్చింతగా పాత కాగితాలు కొనేవారికి ఇచ్చివేయండి. ఏ పేజీ ఉంచాలన్న నిర్ణయం పిల్లలకు వదలండి. ‘ఈ సెలవుల్లో ఇది చేస్తాను’ అని అమ్మాయో అబ్బాయో చెప్పగలిగిన పేజీ ఉండాలి. ‘ఎప్పుడో పనికొస్తుంది’ అన్న పేజీ వెళ్లిపోవాలి. ఈ రెండో మాట పిల్లలకన్నా పెద్దల నోటనే ఎక్కువగా వినిపిస్తుందని నా అనుభవం.

రెండు రకాల కాగితాల జోలికి మాత్రం కత్తెర పోనీయకండి. నానమ్మలు, అమ్మమ్మలు చుక్కలు పెట్టి చేతితో గీసుకున్న ముగ్గుల పుస్తకాలు మొదటివి. వాటికి మరో ప్రతి ఉండదు. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ పాత సంచికలు రెండవవి. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రం ఉన్న సంచికను చార్టుపై అతికించడానికి కత్తిరించడం నాకు సమ్మతం కాదు. మీ ఇంట్లో చోటు లేకపోతే అవి మా గ్రంథాలయానికి ఇవ్వండి, జాగ్రత్త చేస్తాం.

ఇక రంగు కాగితాల విషయానికి వస్తే, అవి దాచిన కొద్దీ విలువ పెరిగేవి కావు. చవక కాగితంలో మిగిలి ఉండే లిగ్నిన్ అనే పదార్థం గాలికీ వెలుతురుకూ పసుపుబారి, క్రమంగా కాగితం పెళుసెక్కుతుంది. క్రేప్ కాగితం రంగు వెలిసిపోతుంది. స్టిక్కర్ల జిగురు ఎండిపోతుంది. వానాకాలంలో గది చెమ్మగిల్లితే, కాగితంలోని గంజినీ జిగురునూ తినే వెండిరంగు పురుగులు చేరతాయి. వాటిని తరమడానికి పెట్టెల్లో కలరా ఉండలు వేయడం మనకు అలవాటు. అటువంటి పెట్టెల్లోని కాగితాన్ని దయచేసి బడికి పంపవద్దు. ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలను దెబ్బతీయగలదు. ఆ లోపం ఉన్నట్లు చాలా కుటుంబాలకు ముందుగా తెలియదు కూడా.

మెరుపు పొడి, లామినేషన్ చేసిన చార్టులు, మెరిసే ప్లాస్టిక్ పూత వేసిన బహుమతి కాగితాలు కూడా మేము తీసుకోము. చూడటానికి కాగితంలా ఉన్నా వీటిలో ప్లాస్టిక్ కలిసి ఉన్నందున మామూలు కాగితంతో పాటు ఇవి తిరిగి కాగితంగా మారవు. అలంకరణకు వాడే థర్మాకోల్‌పై దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది కనుక, ప్రాజెక్టు పేరుతో దానిని ఎవరూ కొనవద్దు, పంపవద్దు. ఉపాధ్యాయులకూ ఇదే చెప్పాను. వచ్చే విద్యాసంవత్సరం నుంచి ఏ తరగతిలోనూ ప్రాజెక్టుకు కొత్త చార్టు కొనమని అడగరు. పాత చార్టు వెనుక వైపు చాలు. పక్కింటి పిల్లవాడి చార్టు మెరుస్తోందని మార్కులు ఎక్కువ వేసే పద్ధతి మా బడిలో ఉండదు.

మీరు పంపకుండా మిగుల్చుకోవలసిన కాగితం గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలని ఉంది. మన పల్లెల్లో పాత కాగితాలను నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బిన గుజ్జును వెదురు చాటలకు, గంపలకు పూసి సందులు మూసేవారు. బోర్లించిన గిన్నెపై గుడ్డ పరిచి, ఆ గుజ్జునే మందంగా అద్ది ఎండబెట్టి బుట్టలుగా తీసేవారు. మెంతుల జిగట కాగితాన్ని పట్టి ఉంచుతుంది, ఆ చేదుకు పురుగు దరిచేరదని పెద్దల మాట. మాగాయ ముక్కలు ఎండే ఈ ఎండలు గుజ్జు బుట్టలకూ సరైనవే. రాత పుస్తకాల కాగితం, వార్తాపత్రికల కాగితం రెండు మూడు రోజుల్లో చక్కగా నానుతాయి. నున్నని ఆర్టు పేపరు పత్రికలు మాత్రం పైన సుద్దపూత ఉండటం వల్ల అంత తేలికగా గుజ్జు కావు. పిన్నులన్నీ ముందే తీసివేయండి. వంటకు వాడే మిక్సీలో అచ్చు కాగితం రుబ్బవద్దు. పెరట్లో మూలనపడిన పాత రోలు ఉంటే దానికి మళ్లీ పని దొరుకుతుంది. ఈ పని ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉంటే మాకు చెప్పండి. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని 10 రోజులు సూచించింది. ఆ రోజుల్లో ఒకనాడు వారిని బడికి పిలిచి, పిల్లలకు నేర్పించమని కోరాలని మా ఆలోచన.

పిల్లలు అచ్చు కాగితంతో కవర్లు చేస్తే పెన్సిళ్లకో పూలకో వాడనివ్వండి కానీ, బజ్జీలకూ పల్లీలకూ వద్దు. అచ్చుసిరా తినుబండారాలకు అంటుతుంది కాబట్టే వార్తాపత్రికల్లో ఆహారం చుట్టడాన్ని ఆహార భద్రతా నిబంధనలు అనుమతించవు.

అమ్మకానికి వెళ్లే కట్టలతో చిన్న లెక్క కూడా చేయించవచ్చు. చదరపు మీటరుకు 75 గ్రాములు తూగే కాగితంలో ఒక ఏ4 ఠావు 4.7 గ్రాములు, 500 ఠావుల కట్ట సుమారు 2.3 కిలోలు ఉంటుంది. ముందుగా బరువు అంచనా వేసి, తరువాత తూకం రాయి దగ్గర నిలబడి సరిచూసుకోమనండి. వచ్చిన డబ్బు పిల్లలదే కానివ్వండి.

బడికి పంపదలచినవి ఇవి మాత్రమే: ఒకవైపు ఖాళీగా ఉన్న చార్టులు, డ్రాయింగు ఠావులు, రంగు చెదరని గ్లేజు కాగితం, అరచేతికన్నా పెద్దవైన చేతి తయారీ కాగితపు ముక్కలు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో, ఒక్కొక్క విద్యార్థి ఒక్క గుడ్డసంచికి మించకుండా, సంచిపై పేరు, తరగతి రాసి తరగతి ఉపాధ్యాయులకు అందజేయగలరు. సరిపడనివి ఏవైనా ఉంటే అదే సంచిలో తిరిగి పంపుతాము; దయచేసి అన్యథా భావించవద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు