థాయ్‌లాండ్-కంబోడియా గొడవ శివుడి గురించి కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

2025లో థాయ్‌లాండ్, కంబోడియా సైన్యాలు రెండుసార్లు కొట్టుకున్నాయి. అప్పటినుంచి మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో అదేదో శివాలయం కోసం జరిగిన మతయుద్ధం అన్నట్టు మెసేజ్‌లు తిరుగుతున్నాయి. రెండూ బౌద్ధులు ఎక్కువగా ఉన్న దేశాలే, ఆ గుడిని రెండు వైపులా గౌరవిస్తారు. అందుకే ఈ ఉత్తరం.

ఆ గుడి పేరు ప్రీహ్ విహియర్, అది శివుడి గుడే. డాంగ్రెక్ కొండల అంచున, ఐదొందల మీటర్లకు పైగా ఎత్తులో, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన ఖ్మేర్ రాజులు కట్టించారు, ఇప్పుడు కనిపించే దాంట్లో ఎక్కువ భాగం 11వ శతాబ్దానిది. మెట్లదారి థాయ్‌లాండ్ వైపు నుంచి నెమ్మదిగా పైకి వెళ్తుంది, కంబోడియా వైపు చూస్తే నిలువునా లోయ. 1904లో సయాం (అంటే ఇప్పటి థాయ్‌లాండ్), కంబోడియాను ఏలుతున్న ఫ్రాన్స్ ఒప్పందం చేసుకుని, వాన నీళ్ళు రెండు వైపులకూ విడిపోయే గట్టే సరిహద్దు అని రాసుకున్నాయి. ఆ లెక్కన గుడి తమకే వస్తుందని థాయ్‌లాండ్ వాదన. కానీ 1907లో ఫ్రెంచి అధికారులు గీసిన మ్యాప్‌లో గుడి కంబోడియాలో పడింది.

ఆ మ్యాప్ చేతికొచ్చినప్పుడు సయాం అభ్యంతరం చెప్పలేదు. పైగా దామ్‌రాంగ్ అనే రాజకుమారుడు, అప్పటి హోంమంత్రి, థాంక్స్ చెప్పి ఇంకో 15 కాపీలు పంపమన్నాడు! ఆయనే 1930లో గుడి చూడ్డానికి వెళ్తే ఫ్రెంచి జెండా ఎగరేసి స్వాగతం చెప్పారు, అప్పుడూ ఏమీ అనలేదు. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయాక 1954లో థాయ్ సైనికులు గుడిలో దిగారు, కంబోడియా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది, 1962లో 9-3 మెజారిటీతో గుడి కంబోడియాదేనని తీర్పొచ్చింది. ఆనాటి మౌనమే తీర్పుకి ముఖ్యమైన ఆధారమైంది. అయితే గుడి ఎవరిదో తేలింది కానీ, దాని పక్కనున్న 4.6 చదరపు కిలోమీటర్ల నేల గొడవ అలాగే మిగిలిపోయింది.

నా ఉద్దేశంలో దాన్ని రాజేసింది దేశాల లోపలి రాజకీయాలే. 2008లో గుడిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి మద్దతిచ్చినందుకు థాయ్ విదేశాంగ మంత్రిని ప్రతిపక్షాలు దేశద్రోహిలా నిలబెట్టాయి, ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది. అదే నెలలో కంబోడియాలో ఎన్నికలు, అక్కడా ఎవరూ తగ్గే పరిస్థితి లేదు. 2011 దాకా కాల్పులు ఆగాగి జరిగాయి, గుడి రాళ్ళకీ దెబ్బలు తగిలాయి.

2025 మేలో కాల్పుల్లో ఒక కంబోడియా సైనికుడు చనిపోయాడు. టెన్షన్ తగ్గించాలని థాయ్ ప్రధాని పేటోంగ్‌టార్న్ కంబోడియా నేత హున్ సేన్‌కి ఫోన్ చేస్తే ఆ సంభాషణ బయటికి పొక్కింది, చివరికి ఆమె పదవే పోయింది. జులై 24 నుంచి ఐదు రోజులు రాకెట్లు, ఎఫ్-16 యుద్ధవిమానాలు. సుమారు మూడు లక్షల మంది ఇళ్ళు వదిలి శిబిరాలకు పోయారు. థాయ్‌లాండ్‌లో కూలి చేసుకునే కంబోడియా వాళ్ళు లక్షల్లో, పనులు వదిలేసి మూటలతో సరిహద్దు దాటారు. పిల్లల్ని ఎత్తుకుని నడుస్తున్న ఆ తల్లుల ఫోటోలు చూశాక మన ఫార్వర్డ్ మెసేజ్‌లు చదవబుద్ధి కాలేదు. మలేషియా మధ్యవర్తిత్వంతో ఆగింది, డిసెంబర్‌లో మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది.

మీకు నాదొకటే విన్నపం. ఈసారి అక్కడి వార్త వేసినప్పుడు గుడి ఫోటో ఒక్కటే కాకుండా, పక్కన 1907 నాటి మ్యాప్ కూడా వేయండి, 1904 ఒప్పందంలో ఏం రాసుకున్నారో నాలుగు లైన్లు ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకుడు