ఓట్లతో పెట్టిన నిషేధమైనా కోర్టు కొట్టేయాల్సిందే: గజాలా హాష్మీ గారికి బహిరంగ లేఖ

వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్ గజాలా హాష్మీ గారికి,

నమస్కారం. మీరు హైదరాబాద్‌లో పుట్టి, నాలుగేళ్ల వయసులో ఈ దేశం వచ్చారని మా తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకుంటున్నారు. నేను లౌడన్ కౌంటీ ఓటరుని. 2026 జనవరి నుంచి మీరు రాష్ట్ర సెనేట్‌కు అధ్యక్షత వహిస్తున్నారు. స్వలింగ వివాహాల మీద ఉన్న నిషేధాన్ని మన రాష్ట్ర రాజ్యాంగం నుంచి తీసేసే సవరణ గురించే ఈ లేఖ.

పెళ్లంటే ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్య జరిగేదే అని 2006 నవంబరులో మన రాష్ట్ర ఓటర్లలో 57 శాతం మంది రాజ్యాంగంలో రాయించారు. ఎక్కడ రాయించారో చూడండి. 1776 నుంచి వస్తున్న హక్కుల ప్రకటనలో, 15-ఎ సెక్షన్‌గా, మత స్వేచ్ఛ సెక్షన్‌కు సరిగ్గా ముందు. మనుషులకు ఏ హక్కులున్నాయో చెప్పే చోట, కొందరికి ఒక హక్కు లేదని రాశారు. అది చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

2014 ఫిబ్రవరిలో నార్ఫోక్ ఫెడరల్ జడ్జి ఆ నిషేధాన్ని కొట్టేశారు. అప్పటి అటార్నీ జనరల్ మార్క్ హెరింగ్ దాన్ని సమర్థించనని అంతకుముందే చెప్పేశారు. జూలైలో అప్పీళ్ల కోర్టు కూడా అదే మాట అంది. అక్టోబరు 6న సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. ఆ మధ్యాహ్నం ఒంటిగంట నుంచే కోర్టు క్లర్కుల ఆఫీసుల్లో స్వలింగ జంటలకు పెళ్లి లైసెన్సులు ఇచ్చారు. 2015 జూన్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో దేశమంతటా ఈ హక్కు వచ్చింది.

"అంతమంది వేసిన ఓటును ఒక్క జడ్జి ఎలా కొట్టేస్తారు?" అని మనవాళ్లే అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఓటు విలువ తెలిసినవాళ్లే అలా అడుగుతారు. ఆ కేసు వేసినవాళ్లలో రిచ్‌మండ్ ప్రాంతానికి చెందిన ఇద్దరు మహిళలు ఉన్నారు. కడుపుతో ఉన్న ఆమెకు ప్రాణం మీదికొచ్చి మాట కూడా రాని స్థితిలో ఆసుపత్రిలో ఉంటే, రెండో ఆమెను గంటల తరబడి లోపలికి రానివ్వలేదు. కారణం, చట్టం దృష్టిలో ఆమె ఏమీ కాదు. తర్వాత పుట్టిన కూతురికి ఆమె చట్టప్రకారం తల్లి కూడా కాలేకపోయింది. ఓటర్లు 2006లో ఆ పరిస్థితినే తీసుకెళ్లి రాజ్యాంగంలో కూర్చోబెట్టారు. 57 శాతం కాదు, 90 శాతం ఒప్పుకున్నా ఆ తలుపు బయట నిలబడ్డ మనిషికి ఒరిగేదేముంది? లోపలికి వెళ్లనిస్తే ఆ 57 శాతం మంది కాపురాలకు వచ్చే నష్టమేముంది?

ఇది మన రాష్ట్రానికి కొత్త పాఠం కాదు. 1958లో కరొలైన్ కౌంటీలో రిచర్డ్, మిల్డ్రెడ్ లవింగ్ దంపతులను, ఆయన తెల్లవాడు, ఆమె కాదు అన్న కారణానికి, అర్ధరాత్రి పడకగదిలోకి వచ్చి అరెస్టు చేశారు. పాతికేళ్లు ఇద్దరూ కలిసి రాష్ట్రంలో అడుగుపెట్టకపోతే జైలు తప్పుతుందన్నారు. 1967లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టేసింది. అలాంటి నిషేధమే అలబామా రాజ్యాంగంలో కాగితం మీద మిగిలిపోతే, తీసేద్దామా అని 2000లో ఓటర్లను అడిగారు. తీసేశారు, కానీ దాదాపు 40 శాతం మంది ఉంచమనే ఓటేశారు. తీర్పు వచ్చిన 33 ఏళ్ల తర్వాత కూడా! జనం మనసు మారేదాకా ఆగమని ఆ దంపతులకు ఎవరైనా ఎలా చెప్పగలరు?

కోర్టుల మీద భయం లేదని నేననను. 2022లో అబార్షన్ హక్కును ఇదే సుప్రీంకోర్టు తీసేసింది. వివాహ తీర్పును కూడా పునఃపరిశీలించాలని జస్టిస్ థామస్ అప్పుడే రాశారు. 2025 నవంబరు 10న, స్వలింగ జంటలకు పెళ్లి లైసెన్సులు ఇవ్వనన్న కెంటకీ మాజీ క్లర్క్ పిటిషన్‌ను కోర్టు తోసిపుచ్చడంతో కాస్త ఊపిరి పీల్చుకున్నాం. కానీ 2022లో కోర్టు చేసిందేమిటి? ప్రజలు, వాళ్ల ప్రతినిధులు చూసుకుంటారంటూ తప్పుకోవడమే కదా. 2023 అక్టోబరు 17న భారత సుప్రీంకోర్టూ అదే చేసింది. పెళ్లి హక్కు అడిగినవాళ్లలో హైదరాబాద్ జంట కూడా ఉంది. అది పార్లమెంటు పని అని పంపించేశారు. పార్లమెంటు ఇప్పటివరకు ఆ చట్టం చేయలేదు.

15-ఎ ఇంకా అక్కడే ఉంది. లింగభేదం లేకుండా లైసెన్సు ఇవ్వాలని 2024లో అప్పటి గవర్నర్ యంగ్‌కిన్ సంతకం పెట్టిన చట్టం ఉన్నా, రాష్ట్ర రాజ్యాంగం ముందు అది నిలవదు. రేపు 2015 తీర్పు పోతే 15-ఎ లేచి కూర్చుంటుంది. అందుకే దాన్ని తీసేయాలి. 2025లో సవరణ రాష్ట్ర అసెంబ్లీలో ఒకసారి నెగ్గింది. 2026 జనవరిలో కొత్త అసెంబ్లీ కూడా ఆమోదించింది కాబట్టి 2026 నవంబరులో ఓటర్లుగా మా ముందుకు వస్తుంది.

అప్పుడు ప్రచారంలో ఎవరూ "వీళ్లు పెళ్లి చేసుకోవచ్చా లేదా మీరే తేల్చండి" అనకుండా చూడండి. ఆ హక్కు వాళ్లకు ఇప్పటికే ఉందని, మనం రాయకూడనిది రాశాం కాబట్టి తీసేస్తున్నామని చెప్పండి. ఓట్లు తక్కువపడితే కూడా అదే మాట మీద ఉండండి. 2014లో కోర్టు చేసింది సరైన పనేనని మొహమాటం లేకుండా అనండి.

యాష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు మా సమావేశాలకు కూడా రండి. పెళ్లి సర్టిఫికెట్ లేనిదే భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 వీసా రాదని, ఇన్సూరెన్సులో పేరు ఎక్కదని మావాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు. ఆ కాగితం కోసం మేమంతా ఎంత టెన్షన్ పడ్డామో మాకు తెలుసు. తమ కొడుకో కూతురో అలాంటి పెళ్లి చేసుకుంటే నలుగురిలో చెప్పుకోలేక ఊరుకుంటున్న తల్లిదండ్రులూ ఆ హాల్లో ఉంటారు. మీరు మాట్లాడితే వాళ్లు వింటారు.

గౌరవంతో,
లౌడన్ కౌంటీ నుంచి ఒక తెలుగు ఓటరు