క్లార్క్ జోస్యం చెప్పలేదు, మూర్తీ

విజయవాడ

ప్రియమైన మూర్తికి,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మగారి ఆరోగ్యం కుదుటపడిందని తెలిసి మనసు తేలికపడింది. అంతా బాగానే రాశావు గానీ, ఉపగ్రహ ప్రసారాలను ముందే ఊహించిన సైన్సు నవలల రచయిత ఆర్థర్ సి. క్లార్క్‌ను ‘ఇంగ్లీషు బ్రహ్మంగారు’ అన్నావు చూడు, అక్కడ మాత్రం నీతో పేచీ పెట్టుకోక తప్పదు. కాలజ్ఞానం చెప్పేవారిని లెక్క చూపించమని ఎవరూ అడగరు; వినేవాడు నమ్మితే చాలు. క్లార్క్ ముందు లెక్క చూపించి, ఆ తర్వాతే నోరు విప్పిన మనిషి.

1945 అక్టోబరులో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ఆయన వ్యాసం వచ్చేనాటికి ఆయనకు ఇంకా 28 ఏళ్లు నిండలేదు. బ్రిటిష్ వాయుసేనలో రాడార్ పని చూస్తున్నాడు. భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే వస్తువు భూమితో సమానంగా రోజుకొక చుట్టు తిరుగుతుంది కనుక కింద ఉన్నవారికి కదలకుండా నిలిచినట్టే కనిపిస్తుందనీ, అటువంటివి మూడు ఉంటే భూగోళమంతటికీ ప్రసారాలు అందించవచ్చుననీ అందులో వివరించాడు. ఆ కక్ష్యను ఆయన కనిపెట్టలేదు. హెర్మన్ పొటోచ్నిక్ అనే ఇంజనీరు 1928లోనే దాని గురించి రాశాడు. దానిని ప్రపంచమంతటి ప్రసారాలకు ఎలా వాడుకోవచ్చో విడమరిచి చెప్పడమే క్లార్క్ చేసిన పని. అయితే ట్రాన్సిస్టర్ అప్పటికింకా పుట్టలేదు. అందుకే ఆయన ఊహించినవి మనుషులు కాపురముండే కేంద్రాలు. మన పాత రేడియోల్లో లాగా వాల్వులు కాలిపోతే మార్చడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా! ఎక్కడ ఉంచాలన్నది సరిగ్గా చెప్పాడు, ఎలా పనిచేస్తుందన్నది తప్పాడు. జోస్యానికీ లెక్కకూ తేడా ఇక్కడే తెలిసిపోతుంది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1965లో, ‘ఎర్లీ బర్డ్’ ఉపగ్రహం అదే ఎత్తుకు చేరింది. ఆ వ్యాసానికి ఆయనకు ముట్టింది 15 పౌన్లు, పేటెంటు తీసుకోలేదు.

మా డాబా ఎక్కి చుట్టూ చూస్తే గవర్నరుపేట దాకా ప్రతి ఇంటి డిష్షూ దక్షిణం వైపే తల ఎత్తి ఉంటుంది, ఎందుకంటే ఆ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖ మీదనే ఉంటాయి. కాస్త అటూ ఇటూగా అదే దిక్కున కొలంబో ఉంది. క్లార్క్ 1956లో సింహళానికి వెళ్లి, 2008లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయాడు. 1975లో మన ఇస్రో, నాసా ఉపగ్రహం సాయంతో, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు ప్రసారం చేసినప్పుడు, కొలంబోలోని ఆయన ఇంటికీ ఒక యాంటెన్నా పంపి బిగించింది. ఆ వ్యాసం రాసిన మనిషికి అంతకన్నా తగిన సన్మానం ఏముంటుంది?

ఆయనను అంత దూరం లాక్కువెళ్లింది సముద్రం. అంతరిక్షానికి తాను ఎలాగూ పోలేడు గనుక, ఒంటి బరువు తెలియని అనుభవం కోసం నీటిలోకి దిగాడు. ట్రింకోమలీ తీరాన కోణేశ్వరాలయపు శిథిలాలు నీటి అడుగున బయటపడింది ఆయన బృందం ఈతల్లోనే. తరువాతి కాలంలో పోలియో అనంతర బలహీనత ఆయనను చక్రాల కుర్చీకి పరిమితం చేసింది. అయినా ఊరు విడిచి పోలేదు.

ఇక నవలల మాట. నిజం చెప్పాలంటే ఆయన పాత్రలలో మనుషుల వేడి తక్కువ. ఎవరు ఎవరితో ఏమన్నారో పుస్తకం మూసేసరికి మరిచిపోతాం. ఊహ మాత్రం మనను వదలదు. 1973లో వచ్చిన ‘రాందెవూ విత్ రామా’నే చూడు. గ్రీకు, రోమను దేవతల పేర్లు అయిపోవడంతో ఖగోళవేత్తలు మన దేవుళ్ల పేర్లు పెట్టడం మొదలుపెట్టారట. అలా దూరం నుంచి వస్తున్న ఒక వస్తువుకు రాముడి పేరు దక్కింది. తీరా చూస్తే అది 50 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వెడల్పు గల గొట్టం, ఎవరో చేసిన నౌక. గిర్రున తిరుగుతూ ఉండడం వల్ల లోపలి గోడే నేల అవుతుంది. పడుకోబెట్టిన బావిలో నిలబడ్డట్టు, తలెత్తితే నెత్తిమీద కూడా సముద్రమే కనిపిస్తుంది. అయినా నీళ్లు మీద పడవు, ఎందుకు పడవో నీలాంటి లెక్కల మాస్టారు కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఆ నౌకను చేసిందెవరో, ఎందుకో ఆయన చెప్పడు. మనుషులను కలవడానికే వచ్చిందని మనవాళ్లు అనుకుంటారు గానీ, దానికి మన గోలే పట్టదు. ఆఖరున ఏమవుతుందో చెప్పి నీ ఆనందం పాడు చేయను.

లెనిన్ సెంటరు పాత పుస్తకాల దుకాణంలో దాని ప్రతి ఒకటి దొరికింది. అట్ట చిరిగింది గానీ పేజీలన్నీ ఉన్నాయి. వచ్చే వారం మా బావమరిది గుంటూరు వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపుతాను. ముందు సముద్రం వచ్చే అధ్యాయాలు చదివి, నీకు కుదిరిన లెక్క నాకు రాసి పంపు.

నీ
రామం