గడ్డి మిషన్ ఇంజిన్లు: ఇకపై ఏవి చేస్తాం, ఏవి చేయం

గడ్డి కోసే మిషన్ ఇంజిన్‌ని రేడియో కంట్రోల్ విమానానికి మార్పించుకోవడానికి అడ్వాన్స్ కట్టి ఎదురుచూస్తున్నవాళ్లకి ముందు ఒక మాట. మీ రేటు మారదు, ఒప్పుకున్న దానికే ఇస్తాను, కాకపోతే ఇంకొంచెం ఆగాలి. కొత్తగా అడిగేవాళ్లకి మాత్రం పద్ధతి మారింది. 26, 32 సీసీ ఇంజిన్లు ఇక మార్చి ఇవ్వం. 43, 52 సీసీలే తీసుకుంటాం, అవి కూడా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌తోనే. మాగ్నెటో (చక్రం తిరిగితే స్పార్క్ పుట్టించేది) ఉన్నది ఉన్నట్టే ఉంచి ముందు ప్రాప్ (ప్రొపెల్లర్) పట్టే హబ్ ఒకటి బిగించి ఇచ్చే చవక రకం పూర్తిగా ఆపేశాం.

మా సంగతి తెలియనివాళ్లకి: పొలాల్లో, తోటల్లో గడ్డి కోసే బ్రష్ కట్టర్ల టూ స్ట్రోక్ ఇంజిన్ తీసుకుని రేడియో కంట్రోల్ విమానానికి సరిపోయేలా మార్చి ఇవ్వడం మా పని. బెంగళూరు పీణ్యలో చిన్న షెడ్డు, ఇద్దరం మనుషులం. కస్టమర్లలో సగం మంది హిందూపురం, అనంతపురం, కర్నూలు, హైదరాబాద్ వాళ్లే, మిగతావాళ్లు ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు.

చిన్న ఇంజిన్లు ఎందుకు మానేశామంటే, లెక్క కుదరడం లేదు. హబ్‌కి పట్టే లేత్ పని, ఇగ్నిషన్ కిట్, కార్బ్ (కార్బురేటర్), వెనక మౌంటు, ఇవేవీ సీసీని బట్టి తగ్గవు. 26 సీసీకి ఎంతో 52 సీసీకీ దాదాపు అంతే. "అన్నా, పాత మిషన్ ఇంట్లోనే ఉంది, నాలుగు వేలల్లో అయిపోద్ది కదా" అని ఫోన్ చేస్తారు. మిషన్ ఫ్రీగా వచ్చినా అన్నీ కలిసేసరికి తడిసి మోపెడవుతుంది. అంతా చేశాక కూడా విమానాల కోసమే తయారైన 20, 30 సీసీ పెట్రోల్ ఇంజిన్లు ఇగ్నిషన్‌తో కలిపి కిలో బరువుకి అటూ ఇటూగా దొరుకుతున్నాయి, మార్చిన 26 సీసీ అంతకంటే బరువెక్కువ, బలం తక్కువ. ఆ సైజు విమానం ఉన్నవాళ్లు మోడల్ ఇంజినే కొనుక్కోండి, లేదా బ్యాటరీ, మోటారుతో ఎగరేసుకోండి. నా బేరం పోయినా ఫర్వాలేదు.

43, 52 దగ్గర మాత్రం ఇప్పటికీ గిట్టుబాటే. 52 సీసీ ఇంజిన్ మేం మార్చాక మఫ్లర్, ఇగ్నిషన్ అన్నీ కలిపి 2 కిలోలకి కాస్త అటూ ఇటూ తూగుతుంది, 22x8 అంగుళాల చెక్క ప్రాప్‌ని ఆరున్నర వేల ఆర్పీఎం చుట్టుపక్కల తిప్పుతుంది. 85, 90 అంగుళాల రెక్కలున్న నిదానమైన విమానానికి అది చాలు. త్రీడీ విన్యాసాలు చేద్దామనుకునేవాళ్లు మాత్రం దీని జోలికి రావద్దు, బరువుకి తగ్గ బలం ఇందులో లేదు.

సీసీ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. బజార్లో 62, 68 అని స్టిక్కర్ ఉన్న మిషన్లు చాలావరకు 52 సీసీలే. సిలిండర్ విప్పి కొలవండి. బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 44 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 34 ఉంటే అది 51.7 సీసీ, పైన స్టిక్కర్ ఏం చెప్పినా సరే. బోర్ 40, స్ట్రోక్ అదే 34 అయితే 43 సీసీ రకం. "68 సీసీ ఇంజిన్ పంపిస్తున్నా, పెద్ద ప్రాప్ వేయండి" అని రాసేవాళ్లకి ఇదే నా జవాబు, వచ్చిన ప్రతి ఇంజిన్ వెర్నియర్‌తో కొలిచి ఫోటో పంపిస్తాం.

ఇక ఆలస్యం సంగతి. మాకు హబ్‌లు చేసిపెట్టే లేత్ పెద్దాయన వయసైపోయి పని మానేశారు. కొత్త షాపు వాళ్లు బాగానే చేస్తారు గానీ రేటు ఎక్కువ, పైగా మా నాలుగైదు ముక్కల ఆర్డర్ వాళ్ల పెద్ద ఆర్డర్ల మధ్య ఎప్పుడు సందు దొరికితే అప్పుడే. కొత్త ఆర్డర్లకి రేటు 1,500 రూపాయలు పెంచాం, ముఖ్య కారణం ఇదే.

హబ్‌కి అంత రాద్ధాంతం ఎందుకని అడిగేవాళ్లు ఉన్నారు, చెప్తాను. మిషన్ ముందువైపు ఫ్లైవీల్, దాని మీద క్లచ్ షూలు రెండు బోల్టులతో ఉంటాయి. చవక రకంలో షూలు తీసేసి అవే రంధ్రాలకి హబ్ బిగిస్తారు, ప్రాప్ తిరుగుతుంది, పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ అరకిలో చుట్టుపక్కల ఉండే ఆ ఫ్లైవీల్ విమానం ముక్కు మీదే ఉండిపోతుంది, దానికి సరితూగడానికి తోకలో సీసం పెట్టాలి. పైగా మాగ్నెటో నుంచి స్పార్క్ రావాలంటే చక్రం ఒక వేగంతో తిరగాలి, చేత్తో ప్రాప్ ఎంత గట్టిగా తిప్పినా కొన్నిసార్లు ఆ వేగం రాదు. చాలా మాగ్నెటోల్లో టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, ఒకే చోట బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి స్టార్ట్ చేసేటప్పుడు ఎదురు తన్నుతుంది కూడా. వేళ్లు ఉండేది అక్కడే.

అందుకే ఫ్లైవీల్ మొత్తం తీసేసి నేరుగా క్రాంక్ టేపర్ (చివర సన్నబడే మొన) మీదే కూర్చునే హబ్ చేయిస్తాం. దాంట్లో చిన్న మాగ్నెట్, క్రాంక్ కేస్ ముందువైపు ఆ మాగ్నెట్‌ని పసిగట్టే హాల్ సెన్సర్ పెట్టి, పిస్టన్ పైకి రావడానికి 28 డిగ్రీల ముందు స్పార్క్ పడేలా సెట్ చేస్తాం. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇగ్నిషన్ మాడ్యూలే స్పార్క్‌ని వెనక్కి జరుపుకుంటుంది, స్టార్ట్ చేసేటప్పుడు తన్నడం బాగా తగ్గుతుంది. తగ్గుతుంది అన్నానే గానీ పోతుందనలేదు, తోలు గ్లౌజు వేసుకోవాల్సిందే, విమానాన్ని వెనక ఒకరు పట్టుకోవాల్సిందే.

ఆ టేపర్ ఎలా కూర్చుందో చూడటానికి క్రాంక్ మొన మీద ఇంజనీర్స్ బ్లూ (ఎక్కడ ఆనిందో చూపే నీలం రంగు) పల్చగా రాసి, హబ్ తొడిగి, పావు చుట్టు తిప్పి తీస్తాం. హబ్ లోపల నీలం రంగు చివరిదాకా ఒకే తీరున అంటుకుని ఉండాలి. బయటి అంచు దగ్గర ఒక ఉంగరం మాత్రమే కనిపిస్తే ఆ ముక్క వెనక్కి పంపేస్తాం. ఎందుకంటే లోపలి అర్ధచంద్రం కీ హబ్‌ని సరైన చోట నిలబెట్టడానికే, బరువంతా మోసేది టేపర్ పట్టే. ఆ పట్టు సగమే ఉంటే ఇంజిన్ కొట్టే ప్రతి దెబ్బకీ హబ్ సన్నగా కదిలి కదిలి చివరికి కీ తెగుతుంది, టైమింగ్ జరిగిపోతుంది, లేదా ప్రాప్ ఊడి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

హోండా జీఎక్స్35 గురించి చాలామంది అడుగుతున్నారు. ఫోర్ స్ట్రోక్, 35.8 సీసీ, మంచి ఇంజిన్, శబ్దం తక్కువ, ఎటు తిప్పినా నడుస్తుంది. కానీ ఇంజినే 3 కిలోల పైన ఉంటుంది, బలం 7000 ఆర్పీఎం దగ్గర 1 కిలోవాట్. మడి దున్నే చిన్న మిషన్‌కి సూపర్, విమానానికి వద్దు.

ఇప్పుడు అసలు తలనొప్పి, పెట్రోల్. 2025 నుంచి దాదాపు ప్రతి బంకులోనూ 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది. మాకు రిపేరుకి వచ్చేవాటిలో ఎక్కువ భాగం కార్బ్ కంప్లైంట్లే. "ఐడిల్ బాగానే ఉంది, థ్రాటిల్ తీస్తే ఆగిపోతోంది" అంటారు. విప్పి చూస్తే కార్బ్‌లోని మీటరింగ్ డయాఫ్రమ్ (పెట్రోల్‌ని సరిపడా వదిలే పల్చటి పొర) గట్టిపడి ఉంటుంది. మంచిది అయితే వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి తిరిగి వస్తుంది, పాడైనది టక్కుమని శబ్దం చేస్తుంది, అంచులు కాస్త పైకి లేచి ఉంటాయి. దాన్ని మార్చడం పది నిమిషాల పని, కిట్ ఖరీదు కూడా తక్కువే. ఏడాదికి ఒకసారి మార్చేయండి, పాడైందా లేదా అని చూస్తూ కూర్చోవద్దు.

ఇథనాల్‌తో ఇంకో చిక్కు ఉంది. అది గాలిలోని తేమని లాక్కుంటుంది, ఎక్కువ లాగితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. మన ట్యాంకులో క్లంక్ (పెట్రోల్ పీల్చే ట్యూబ్ చివరి బరువు) ఎక్కడుంటుంది? అడుగునే. ముందు పీల్చేది ఆ నీళ్లనే. కాబట్టి ఆదివారం కలిపిన పెట్రోల్, ఆయిల్ మిక్స్ వచ్చే నెలకి దాచుకోవద్దు, ఎగరేశాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజిన్ నడిపి ఆపండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో మిశ్రమం పల్చబడుతుంది కూడా, టూ స్ట్రోక్ వేడెక్కేది అందుకే. కార్బ్ మీది హెచ్ నీడిల్‌ని (ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోల్ సర్దే స్క్రూ) ఎనిమిదో వంతు చుట్టు తెరిచి, ప్లగ్ రంగు చూసుకుంటూ సర్దుకోండి. దొరికితే ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 వాడండి, అందులో ఇథనాల్ కలపరు. ధర ఎక్కువే, కానీ వారానికి మనం కాల్చేది ఒక లీటరు.

ఆయిల్ విషయంలో పొదుపు వద్దు. లీటరుకి 30 మిల్లీలీటర్లు, జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని డబ్బా మీద రాసి ఉన్న టూటీ ఆయిల్. పడవ ఇంజిన్ల ఆయిల్ వేయొద్దు, అది నీళ్లతో చల్లబడే ఇంజిన్ల కోసం. ఫ్యూయల్ ట్యూబ్ టైగాన్ రకమే వాడండి, మిథనాల్‌తో నడిచే గ్లో ఇంజిన్లకి వాడే సిలికాన్ ట్యూబ్ పెట్రోల్ తగిలితే ఉబ్బి ఊడిపోతుంది. ఇంత చెప్పినా సిలికాన్ ట్యూబ్‌తోనే ఫోటోలు వస్తున్నాయి!

కార్బ్ మీరే విప్పి మళ్లీ బిగించేవాళ్లకి ఇంకొక్కటి. అందులోని డయాఫ్రమ్ పంపు నడిచేది క్రాంక్ కేస్‌లోంచి వచ్చే ఒత్తిడి పల్స్‌తో. కార్బ్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే ఇన్సులేటర్ బ్లాక్‌లో దానికి ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. గ్యాస్కెట్ తిరగేసి పెడితే ఆ రంధ్రం మూసుకుపోతుంది, ఇంజిన్ కొన్ని సెకన్లు నడిచి ఆగిపోతుంది. నాకు ఫోన్ చేసే ముందు అది చూడండి.

వారంటీ సంగతి సూటిగా చెప్పేస్తాను. హబ్, మౌంటు, మేం బిగించిన ఇగ్నిషన్, వీటికి ఆరు నెలలు బాధ్యత మాది. ప్రతి ఇంజిన్ బెంచ్ మీద ఒక ట్యాంకు మొత్తం కాల్చి, ఆర్పీఎం వీడియో తీసే పంపిస్తాం. విమానం నేల మీద పడి ప్రాప్ విరిగితే మాత్రం వారంటీ ఉండదు, ఆ దెబ్బకి క్రాంక్ వంగి ఉండొచ్చు. అప్పుడు పంపండి, డయల్ గేజ్ పెట్టి చూసి చెప్తాం, చూసినందుకు డబ్బులు తీసుకోం.

పార్సిల్ ఇక రోడ్డు మార్గంలోనే. కాల్చి చూసిన ఇంజిన్‌కి పెట్రోల్ వాసన ఎంత కడిగినా పోదు, విమానంలో వెళ్లే పార్సిల్‌కి దాన్ని ఒప్పుకోరు, ఒకటి నాకు తిరిగి వచ్చింది కూడా. హైదరాబాద్‌కి రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుంది, అంతే. మీరు మాకు పంపేటప్పుడు కూడా ట్యాంకు, కార్బ్ ఖాళీ చేసే పంపండి.

ఎగరేసే చోటు గురించి నన్ను అడగొద్దు, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకోండి. బెంగళూరులో యలహంక, జక్కూరు, హెచ్‌ఏఎల్, దేవనహళ్లి ఇన్ని విమానాశ్రయాలు ఉన్నాక ఊళ్లో ఖాళీ జాగా కనిపించిందని ఎగరేస్తే కుదరదు. మ్యాప్‌లో గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) అయినా 120 మీటర్ల ఎత్తు దాటకూడదు.

పెండింగ్ ఆర్డర్లలో 52 సీసీవి ముందు వెళ్తాయి, వాటి హబ్‌లు వచ్చేశాయి. 43 సీసీ వాళ్లవి ఇంకా లేత్ దగ్గరే ఉన్నాయి, వచ్చిన రోజే ఒక్కొక్కరికీ మెసేజ్ పెడతాను. 26, 32 సీసీకి అడ్వాన్స్ కట్టినవాళ్లకి రెండు దారులు, పాత మాట ప్రకారం చేయించుకోవచ్చు, లేదా మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, ఏదో ఒకటి ఈ నెలాఖరులోగా చెప్పండి. ఇంజిన్ ప్రాబ్లం అని వాట్సాప్ చేసేటప్పుడు ప్లగ్ విప్పి దాని కొన ఫోటో ఒకటి, ఫ్యూయల్ ట్యూబ్ ఫోటో ఒకటి కూడా పెట్టండి, ఆదివారం మాత్రం ఫోన్ ఎత్తను.