గ్రంథాలయంలో ఒక సాయంత్రం కావాలి: విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున, బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగ మీకు తెలియనిది కాదు. ప్రభుత్వమే దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఏళ్ల కిందట మా అమ్మాయి చదువు కోసం నేనూ ఆ నీళ్లలో నిలబడి విద్య రొట్టె పట్టుకున్నాను. ఇచ్చినామెను నీ మతమేమిటని అడగలేదు. కోరిక తీరాక మరుసటి ఏడు వెళ్లి రొట్టె వదిలి వచ్చాను.

కానీ షహీద్ అంటే ఏమిటి, ఆ దర్గాలో సమాధులున్న పన్నెండుగురు ఎవరు అని తెలుసుకోవాలన్న ఆలోచన చాలాకాలం నాకు రాలేదు. పొరుగింటివారు పంపిన షీర్ ఖుర్మా ఇష్టంగా తిన్నాం, ఉపవాసం సంగతి అడగలేదు. మనం అడగకుండా వదిలేసిన చోట ఇప్పుడు ఫోన్లలో వచ్చే విషపు మాటలు చేరుతున్నాయి.

నేను పనిచేసిన ఒక బడిలో రంజాన్ రోజుల్లో, మధ్యాహ్న భోజనం వేళ చెట్టు కింద ఒంటరిగా కూర్చున్న ఎనిమిదో తరగతి అబ్బాయికి తోటి పిల్లలు ఒక పేరు పెట్టారు. దాన్ని ఇక్కడ రాయలేను. పిల్లల్ని మందలించాను. సరిపోలేదనిపించి వాళ్లమ్మను తరగతికి పిలిచాను. ఆమె తెల్లవారకముందు తినే సెహ్రీ గురించి, సూర్యాస్తమయాన ఉపవాసం విడిచే ఇఫ్తార్ గురించి, రోగులకూ ప్రయాణికులకూ ఉన్న మినహాయింపు గురించి చెప్పారు. మిగులు సొమ్ములో నూటికి రెండున్నర జకాత్‌గా పేదలకు ఇవ్వాలన్నారు. రంజాన్ ఒకసారి ఎండల్లో, ఒకసారి చలిలో ఎందుకొస్తుందని ఒక అమ్మాయి అడిగింది. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులేనని ఆమె చెప్పగానే, వెనక బల్ల నుంచి ఒకడు లేచి, “అయితే మీకు అధిక మాసం లేదా?” అన్నాడు. లేదు. మన పంచాంగం అధిక మాసంతో లెక్క సరిచేసుకుంటుంది, హిజ్రీ లెక్క సరిచేసుకోదు. ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. ఆ పేరు మళ్లీ నా చెవిన పడలేదు.

అందుకే నా విన్నపం. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో, ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక సాయంత్రం ఇస్లాం గురించి ముస్లింల చేతే చెప్పించండి. పండితులే కానక్కరలేదు, గృహిణులు, ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవారు రావాలి. దర్గాలను కొలిచేవారు, కొలవనివారు ఇద్దరూ మాట్లాడాలి. సగం సమయం ప్రశ్నలకే ఉంచాలి. ఖురాన్‌ను మొదట తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు గారిని పిల్లలకు పరిచయం చేయాలి.

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. అది ఉండవలసిందే. నేను అడుగుతున్నది మతబోధ కాదు. మతాల గురించి తెలియజెప్పడం లౌకికతత్వానికి విరుద్ధం కాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఖర్చూ పెద్దగా ఉండదు. గది ఉంది, కుర్చీలు ఉన్నాయి.

నెల్లూరులో మొదటి సభ పెడితే ఆ అబ్బాయి తల్లిని వెంటబెట్టుకుని నేను వస్తాను. రావడానికి ఆమె ఒప్పుకున్నారు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, నెల్లూరు