మారిషస్ చరిత్ర మూడు వాక్యాలేనా?

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో మారిషస్ మీద వ్యాసం వచ్చి రెండు వారాలు దాటింది. ఎవరో ఒకరు రాస్తారులే అని ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు, మీరూ సవరణ వేయలేదు. ఇక తప్పక రాస్తున్నాను.

వ్యాసంలో సగం రొయ్యల వేపుడుకి, షమరెల్ ఏడురంగుల మట్టికి పోయింది. పోనివ్వండి, హనీమూన్ జంటలకి అదే కావాలి. చరిత్ర మాత్రం మూడు వాక్యాల్లో తేల్చేశారు. అది జనం లేని దీవి అట, బ్రిటిష్ వాళ్లు తీర్చిదిద్దారట, 1968లో రక్తపు చుక్క చిందకుండా స్వాతంత్ర్యం ఇచ్చేశారట! రాసినవారి సంగతి సరే, ప్రెస్సుకి వెళ్లేముందు చదివే మనిషే లేడా మీ ఆఫీసులో?

జనం లేరన్నది నిజమే. 1598లో డచ్చివాళ్లు దిగేసరికి ఉన్నవి డోడో పక్షులు, వాటినీ నూరేళ్లు తిరక్కుండా తుడిచిపెట్టేశారు. తరవాత ఫ్రెంచివాళ్లు వచ్చి మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ నుంచి బానిసల్ని తెచ్చి తోటలు వేయించారు. 1810లో దీవి బ్రిటిష్ వాళ్ల చేతికొచ్చింది. 1835లో బానిసత్వం రద్దయినప్పుడు 20 లక్షల పౌండ్ల పైచిలుకు నష్టపరిహారం పంచారు. బానిసలకి అనుకునేరు, యజమానులకి!

చెరుకు కొట్టడానికి మనుషులు కావాలి కదా, బానిసత్వం రద్దు ఖాయమనగానే గుర్తొచ్చింది మన దేశం. 1834 నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మందిని ఓడలెక్కించారు. బీహారు వాళ్లు, తమిళులు, మరాఠీలు, వాళ్లతోపాటు మన గంజాం, విశాఖ, గోదావరి తీరాల వాళ్లు. వాళ్లు దిగిన పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి, 16 మెట్లు. యునెస్కో 2006లోనే గుర్తించింది, మీ విలేఖరి గుర్తించలేదు. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు, దాన్నే 'డబుల్ కట్' అనేవారు. కూలి ఒప్పందం ముగిసినవాళ్లు కూడా 1867 చట్టం ప్రకారం ఫొటో అంటించిన గుర్తింపు టికెట్ దగ్గర లేకుండా రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుపోయేవారు. తీర్చిదిద్దడం అంటే ఇదేనేమో మరి.

ఇక రక్తపు చుక్క సంగతి. 1943 సెప్టెంబరులో బెల్ వ్యూ హారెల్ తోట దగ్గర సమ్మె చేస్తున్న కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన నలుగురిలో అంజలై కూపెన్ అనే గర్భిణి ఉంది. ఇవాళ అక్కడో స్టేడియానికి ఆమె పేరే పెట్టుకున్నారు. 1967 ఎన్నికల్లో 44 శాతం మంది స్వాతంత్ర్యం వద్దన్న పక్షానికి ఓటేశారు. అధికారమంతా హిందువుల చేతిలోకి పోతుందని మిగతావాళ్ల భయం. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో అల్లర్లు చెలరేగి మనుషులు చచ్చిపోతే బ్రిటిష్ సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. మార్చి 12న జెండా ఎగిరింది ఆ వేడిలోనే.

పైగా ఉత్తినే ఇచ్చారా? 1965లోనే మారిషస్ కిందున్న చాగోస్ దీవుల్ని విడగొట్టి 30 లక్షల పౌండ్లు చేతిలో పెట్టి తమ దగ్గర ఉంచేసుకున్నారు. వాటిలో ఒకటైన డియేగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం అక్కడి జనాన్ని 1973 నాటికి పూర్తిగా ఖాళీ చేయించారు, వాళ్ల పెంపుడు కుక్కల్ని కూడా గ్యాసు పెట్టి చంపించారు. దీవుల్ని అలా విడగొట్టడం చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో అభిప్రాయం చెప్పింది. 2025 మేలో దీవులు తిరిగిచ్చే ఒప్పందం మీద సంతకాలయ్యాయి, స్థావరానికి మాత్రం 99 ఏళ్ల లీజు. చాగోస్ వాళ్లని సరిగ్గా అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మీ వ్యాసంలో దీని మీద ఒక్క ముక్క లేదు.

మిమ్మల్ని ఒక్కళ్లనే అని ఏం లాభం? మారిషస్‌లో ఉగాదికి దేశమంతా సెలవు. అక్కడి తెలుగువాళ్లు అమ్మోరు పండగ చేస్తారు, సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, రామభజనం చేస్తారు. మన నాయకులు వెళ్లి శాలువాలు కప్పించుకుని, 'తెలుగు వెలుగులు' అని ప్రసంగించి వస్తారు. ఆ ప్రయాణ ఖర్చులెవరివో అడగొద్దు. అక్కడివాళ్లు ఇక్కడికొస్తే మర్యాద ఎలా ఉంటుందో నేను చూశాను. ఆ మధ్య ఒక జంట, కూలీగా వెళ్లిన ముత్తాత వివరాలున్న రిజిస్టరు కాగితం జిరాక్సు పట్టుకుని వచ్చారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఎడమ చెంప మీద మచ్చ, జిల్లా విశాఖపట్నం, అన్నీ ఉన్నాయి. ఊరి పేరు దగ్గర మాత్రం సిరా పాకిపోయింది. ఒక ప్రభుత్వ కార్యాలయానికి తీసుకెళితే, గుమాస్తా గారు ఆ కాగితం తిరగేసి, మరగేసి, "ఆధార్ ఉందా?" అన్నారు. 19వ శతాబ్దంలో ఓడెక్కిన మనిషికి! పై అధికారి ఇంకా ఉదారులు, ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టుకోమన్నారు.

ఆ కూలీల వివరాలు రాసిన రిజిస్టర్లు మారిషస్‌లో మోకా ఊళ్లోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. తెలుగు జిల్లాల పేజీలకు డిజిటల్ కాపీలు తెప్పించి శ్రీకాకుళం, విశాఖ, కాకినాడ గ్రంథాలయాల్లో పెట్టమని ప్రభుత్వాన్ని అడగండి. డబ్బుల్లేవంటారా, ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు ఏటా కడుతూనే ఉన్నాం.

— రిటైర్డ్ సోషల్ మాస్టారు, కాకినాడ