కార్బన్ రిమ్ము కొనేముందు తూకం కాదు, కొలతలు చూడాలి

సంపాదకులకు,

కార్బన్ పోగులతో చేసిన మౌంటెన్ బైక్ రిమ్ముల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఆసాంతం బరువు చుట్టూనే తిరిగింది. కొనేవాళ్లు మొదట అడిగేదీ అదే. నిజానికి బరువు చివర చూడాల్సిన సంగతి. ముందు చూడాల్సినవి లోపలి వెడల్పు, అంచు మందం, వారంటీ షరతులు.

29 అంగుళాల చక్రానికి ట్రెయిల్ రకం (కొండదారుల్లో మామూలుగా తొక్కడానికి చేసిన) అల్యూమినియం రిమ్ము సుమారు 500–550 గ్రాములు తూగితే, అదే పనికి చేసిన కార్బన్ రిమ్ము 430–480 తూగుతుంది. అంతా చేసి మిగిలేది 70 గ్రాములు. పలచటి టైరు తీసి దళసరి టైరు ఎక్కిస్తే ఒక్క చక్రానికే 200 గ్రాములు పెరుగుతాయి. ఇంకో 50 గ్రాములు తగ్గుతాయని వేగం కోసం తేలిగ్గా చేసిన క్రాస్‌కంట్రీ రేసు రిమ్మును రాళ్ల దారిలోకి దింపితే పగిలేది అక్కడే.

లోపలి వెడల్పును టైరే నిర్ణయిస్తుంది. 2.2–2.35 అంగుళాల టైరుకు 25–28 మిల్లీమీటర్లు, 2.4–2.6 టైరుకు 30 మిల్లీమీటర్ల చుట్టుపక్కల సరిపోతుంది. ఇరుకైతే గాలి తగ్గించినప్పుడు టైరు మలుపుల్లో పక్కకు ఒరిగి అంచు దగ్గర గాలి వదిలేస్తుంది. మరీ వెడల్పైతే టైరు పైభాగం చదునుగా పరుచుకుని, పక్కగోడలు రాళ్లకు ఎదురొస్తాయి.

ఇక అంచు. టైరు ఆనుకునే పైఅంచు మొద్దుగా, మూడున్నర నాలుగు మిల్లీమీటర్లు ఉంటే రాయి దెబ్బ అంత మేరా పరుచుకుంటుంది. పదునైన సన్న అంచు టైరునూ కోస్తుంది, తనూ చిట్లుతుంది. బరువు తగ్గించాలనుకున్న తయారీదారు ముందు కోత పెట్టేది తరచుగా ఇక్కడే, అందుకే ఈ కొలత అడిగి తీరాలి.

ముందూ వెనకా ఒకే రిమ్ము ఉండాలన్న నియమమేమీ లేదు. దెబ్బలు ఎక్కువ తినేది వెనక చక్రం. దానికి 32 స్పోకుల గట్టి రిమ్ము, ముందుకు కాస్త సాగుడు గుణమున్న తేలికపాటిది వేసుకోవడం తెలివైన పని. ముందు చక్రం మరీ బిగుసుకుపోయినట్లుంటే రాళ్ల మీద పట్టిన దారి తప్పి ఎగురుతుంది, చేతులు లాగేస్తాయి. ఖర్చు భరించలేకపోతే వెనక అల్యూమినియమే ఉంచండి. దానికి సొట్ట పడితే పట్టకారుతో సరిచేసుకుని ఇల్లు చేరొచ్చు. కార్బన్‌కు సొట్ట పడదు, తట్టుకున్నంతసేపు తట్టుకుని పగులుతుంది.

చక్రం కట్టేటప్పుడు స్పోకు పొడవుకు కావలసిన ఈఆర్‌డీ కొలతను (రిమ్ముకు అడ్డంగా, ఎదురెదురు స్పోకుల కొసల మధ్య దూరాన్ని) కాగితం మీద చూసి నమ్మొద్దు. ఎదురెదురు రంధ్రాల్లో నిపుళ్లతో (స్పోకు కొసను రిమ్ముకు పట్టి ఉంచే చిన్న నట్టులతో) రెండు స్పోకులు బిగించి లాగి, నాలుగు చోట్ల కొలవాలి. స్పోకు పొట్టిదైతే నిపుల్ తల దగ్గర తెగుతుంది. పొడవైతే మర అయిపోయి బిగుతు రాదు. కార్బన్ రిమ్ము గట్టిది గనుక బిగుతులో హెచ్చుతగ్గులున్నా చక్రం బెండు లేనట్లే తిరుగుతుంది. కళ్లతో చూసి సరిపెట్టుకోకుండా ప్రతి స్పోకునూ బిగుతు కొలిచే టెన్షన్ మీటరుతో చూడాలి. తయారీదారు చెప్పిన గరిష్ఠం, సాధారణంగా ఒక్కో స్పోకుకు 120 కిలోల బిగుతు దరిదాపు, దాటితే నిపుల్ రంధ్రం చుట్టూ పగులు మొదలవుతుంది. నిపుళ్లు ఇత్తడివే వేయించండి. కార్బన్‌కు ఆనుకున్న అల్యూమినియం నిపుల్ తడి తగిలితే తినేసుకుపోతుంది. ఇత్తడి వల్ల పెరిగేది రెండు చక్రాలకూ కలిపి 40–50 గ్రాములే.

వారంటీ కాగితంలో ‘తయారీ లోపాలకు మాత్రమే’ అని ఉంటే రాయి తగిలి పగిలిన రిమ్ముకు పైసా రాదు. తొక్కేటప్పుడు జరిగిన నష్టం కూడా వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉండాలి. మొదటి కొనుగోలుదారుకేనా, కొత్త రిమ్ముతో చక్రం మళ్లీ కట్టే కూలి ఎవరిది అన్నవీ అప్పుడే తేల్చుకోవాలి.

గట్టి దెబ్బ తగిలాక నిపుళ్ల దగ్గర సీలెంట్ (ట్యూబు లేని టైరులో చిల్లులు పూడ్చే ద్రవం) చెమ్మ కనిపిస్తే రిమ్ము లోపల గాలి పోకుండా అంటించిన టేపు చిరిగిందని మాత్రమే అనుకోవద్దు. టైరు, టేపు తీసి, రిమ్ము లోపలి భాగం శుభ్రంగా తుడిచి, టార్చి వెలుగులో అంచునూ స్పోకు రంధ్రాలనూ గోటితో తడమండి. పైపూత గీత అయితే గోరు జారిపోతుంది. గోరు తట్టుకున్నా, నొక్కితే మెత్తగా దిగినా, పోగులు కనిపించినా ఆ చక్రం మీద మళ్లీ ఎక్కకూడదు.

— చక్రాలు కట్టే పాఠకుడు